పాత కెమెరాలో మిగిలిపోయిన రీలు: ఎక్కువసేపు కడిగితే ఎక్కువ బొమ్మ రాదు

పాత కెమెరాలు సేకరించేవాళ్లకి ఏదో ఒక రోజు ఇది ఎదురవుతుంది. బాక్స్ కెమెరా వెనకనున్న ఎర్ర కిటికీలోంచి 7 అనే అంకె కనబడుతుంది. లేదా 35 ఎంఎం కెమెరాలో రివైండ్ మీటను నెమ్మదిగా తిప్పితే ఊరికే తిరగకుండా బిగుసుకుంటుంది. అంటే లోపల రీలుంది, ఎవరో సగం తీసి వదిలేశారు. ఇక అక్కడినుంచి కెమెరా సంగతి తర్వాత. అలాంటి కెమెరా ఇంకోటి ఎక్కడో దొరుకుతుంది. ఆ రీలు ఇంకోటి లేదు, దాన్ని కడగడం కూడా ఒక్కసారే.

ఇలాంటప్పుడు ఎవర్నడిగినా వచ్చే సలహాలు రెండు. మిగిలిన ఫ్రేములు కూడా తీసేసి రీలు పూర్తి చెయ్యమనేది మొదటిది. ఏ ఫిల్మో, ఎంతకాలంనాటిదో తెలీదు కాబట్టి రోడినాల్ అనే డెవలపర్‌ని 1+100 (ఒక వంతుకి వంద వంతుల నీళ్లు) కలిపి, కదపకుండా గంటసేపు వదిలెయ్యమనేది రెండోది. రెండూ తప్పనే నేనంటాను. ఎందుకు తప్పో తెలియాలంటే, ఆ డబ్బాలో ఇన్నేళ్లూ ఏం జరిగిందో చూడాలి.

వెలుగు తగిలినప్పుడు ఫిల్ము మీదున్న వెండి హాలైడ్ రేణువులో కొద్దిపాటి వెండి పరమాణువులు ఒకచోట చేరి చిన్న గుంపుగా ఏర్పడతాయి. కంటికి కనబడని బొమ్మ అంటే ఈ గుంపులే. డెవలపర్ చేసేదల్లా అలాంటి గుంపున్న రేణువు మొత్తాన్ని వెండిగా మార్చడం. ఏళ్ల తరబడి కడగకుండా ఉంచితే రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. గాలిలోని ఆక్సిజన్, తేమ కలిసి ఆ గుంపుల్ని నెమ్మదిగా తినేస్తాయి. ముందు పోయేవి చిన్న గుంపులు, అంటే తక్కువ వెలుగు పడ్డ చోట్లు. నీడల్లోని వివరం, చీకటి గదిలో కూర్చున్న మనిషి ముఖం, ఇవన్నీ మొదట చెరిగిపోతాయి. రెండో నష్టం దీనికి తలకిందులు. వేడి వల్ల, చుట్టూ సహజంగా ఉండే రేడియేషన్ వల్ల అసలు వెలుగే తగలని రేణువుల్లో కూడా గుంపులు పుడతాయి. డెవలపర్‌కి ఈ రెంటికీ తేడా తెలీదు. అది ఫిల్మంతా మసకగా, బూడిదరంగు పొరలా తేలుతుంది. దీన్నే ఫాగ్ అంటాం. కాబట్టి పాత రీల్లో ఒకవైపు బొమ్మ తగ్గుతుంటుంది, ఇంకోవైపు ఫాగ్ పెరుగుతుంటుంది. మన చేతిలో ఉన్నదల్లా ఆ రెంటి మధ్య మిగిలిన తేడా.

పాతదానికి ఎక్కువసేపు కావాలనే మాట ఇక్కడే దెబ్బతింటుంది. వయసు వల్ల పుట్టిన గుంపులు సాధారణంగా బలహీనమైనవి, అవి ఉన్న రేణువులు నిదానంగా డెవలప్ అవుతాయి. వెలుగు గట్టిగా పడ్డ రేణువులు ముందే లేస్తాయి. సమయం పొడిగించే కొద్దీ ఫాగ్‌కి ఊపిరిపోసినట్టే. చెరిగిపోయిన గుంపు గంట ఆగినా తిరిగి రాదు. అందుకే పాత రీలుకి కావలసింది ఫాగ్ తక్కువ పుట్టించే డెవలపర్, మితమైన సమయం, సరైన కదలిక. కదపకుండా వదిలేసే పద్ధతికి ఇంకో చిక్కు కూడా ఉంది. డెవలప్ అవుతున్నచోట విడుదలయ్యే బ్రోమైడ్ కిందికి జారి చారలు కడుతుంది. కాంట్రాస్టు బాగున్న కొత్త ఫిల్ములో ఆ చార అంతగా కనబడకపోవచ్చు. పలచగా మిగిలిన పాత బొమ్మ మీద మాత్రం చార తప్ప ఇంకేం కనబడదు. అయితే ఫిల్ము రకం తెలియక, పరీక్షకు ముక్క కూడా దొరకనప్పుడు గంట పద్ధతి ఏదో ఒకటి చూపిస్తుందన్నది నిజమే. కానీ ముక్క దొరకని రీళ్లు చాలా తక్కువ.

మొదటి సలహా ఎందుకు తప్పో కూడా దీన్లోనే ఉంది. మిగిలిన ఫ్రేముల్లో ఇవాళ తీసే బొమ్మ వేగం (వెలుగుకి స్పందించే గుణం) కోల్పోయిన, ఫాగ్ పట్టిన ఫిల్ము మీద పడుతుంది, ఎలాగూ బాగా రాదు. పైగా ఎవరూ తియ్యని ఆ చివరి జానెడు ఫిల్మే మనకి పరీక్షకు పనికొచ్చే ముక్క. దాన్ని గోడల బొమ్మలతో నింపేస్తే మిగతా రీలుని గుడ్డిగా కడగాల్సిందే.

కాబట్టి రీలుని తియ్యడం దగ్గర్నుంచి మొదలుపెడదాం. 35 ఎంఎం అయితే కింద ఉన్న రివైండ్ బొత్తాం నొక్కి మీటను మెల్లగా తిప్పాలి. దశాబ్దాలుగా ఒకే మలుపులో ఉన్న ఫిల్ము పెళుసుగా ఉంటుంది, లాగితే పళ్ల దగ్గర చిరుగుతుంది. మొరాయిస్తే పూర్తి చీకట్లోనే వెనక తలుపు తెరవాలి. కాగితం వెనకదన్నుతో వచ్చే 120, 620, 127 రీళ్లయితే చివరిదాకా ముందుకే చుట్టెయ్యాలి. చుట్టేముందు ఎర్ర కిటికీ మీద నల్ల టేపు అంటించండి. ఎర్ర వెలుగు సోకని ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముల కాలంలో ఆ కిటికీ పెట్టారు. తర్వాత వచ్చిన పాన్‌క్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు కూడా వెలుగే. రీలు బయటికి తీశాక కాగితం వదులు కాకుండా చుట్టూ టేపు వేసి, వెలుగు చొరని డబ్బాలో పెట్టాలి.

ఫిల్ము పేరు, ప్రాసెస్ పేరు కాగితం మీదో క్యాసెట్ మీదో ఉంటాయి. అక్కడ నలుపు తెలుపు ఫిల్మని ఉంటే అదృష్టమే. 1956లో వచ్చి 2002 దాకా నిలిచిన కొడాక్ వెరిక్రోమ్ పాన్ పాత కెమెరాల్లో తరచుగా దొరుకుతుంది, దశాబ్దాల తర్వాత కూడా బొమ్మ నిలుపుకుంటుందని దానికి పేరు. మామూలుగా వేగం తక్కువున్న ఫిల్ము ఎక్కువకాలం నిలుస్తుంది. అదే వయసున్న ట్రై-ఎక్స్ లాంటి వేగమైన ఫిల్ముకి ఫాగ్ ఎక్కువ పడుతుంది. వేగంతో సమానంగా లెక్కలోకి వచ్చేది దాచిన చోటు. స్వీడన్ అన్వేషకుడు ఆండ్రే బృందం 1897లో బెలూన్లో ఉత్తర ధ్రువానికి బయలుదేరి తిరిగిరాలేదు. ఆ బృందంలోని నిల్స్ స్ట్రిండ్‌బెర్గ్ తీసిన ఫిల్ములు క్వీటోయా ద్వీపం మంచులో 33 ఏళ్లుండి 1930లో దొరికాయి. వాటిలోని 240 ఫ్రేముల్లో 93 బొమ్మల్ని ఫోటో నిపుణుడు జాన్ హెర్ట్స్‌బెర్గ్ కాపాడగలిగాడు. తేమ ఎంత చెరుపు చేసినా చలి అంత మేలు చేసింది. అదే 33 ఏళ్లు ఎండకు కాగే అటక మీద గడిచుంటే ఈ లెక్క వేరేగా ఉండేది.

రంగుల రీలైతే ఆశని కాస్త అదుపులో పెట్టుకోవాలి. కొడాక్రోమ్ ఫిల్ములో రంగుల కప్లర్లు (రంగుని పుట్టించే రసాయనాలు) ఉండవు, అవి డెవలపర్లోంచి రావాలి. ఆ ప్రాసెస్ చేసిన చివరి ల్యాబు, కాన్సస్‌లోని పార్సన్స్ ఊళ్లో ఉన్న డ్వేన్స్ ఫోటో, 2010 డిసెంబరు 30తో రీళ్లు తీసుకోవడం ఆపేసింది. ఇప్పుడు కొడాక్రోమ్‌ని నలుపు తెలుపుగా కడగడమే దారి. కొడాకలర్-ఎక్స్ లాంటివి, అంటే సీ-22 అనే పాత ప్రాసెస్ ఫిల్ములు, దాదాపు 24 డిగ్రీల దగ్గర కడగడానికి చేసినవి. 37.8 డిగ్రీలుండే ఇప్పటి రంగుల నెగెటివ్ ప్రాసెస్ సీ-41లో వాటి జెలటిన్ మెత్తబడి, పొర ఊడి వచ్చి ల్యాబు మెషీన్లోని రసాయనాలన్నీ పాడవుతాయి. ల్యాబులవాళ్లు వద్దంటే మొండితనమనుకోకండి. సీ-41 రీలు కూడా చాలా పాతదైతే మూడు రంగుల పొరలూ ఒకే తీరున ముసలివి కావు. ఊదానో, పచ్చనో కమ్మేసిన రంగు కోసం పోతే బొమ్మే పోతుంది. ఇరవై ఏళ్లు దాటిన రంగుల రీలు, అందులోనూ వేడిలో ఉన్నదైతే, నలుపు తెలుపులో కడగడమే నాకు న్యాయంగా తోస్తుంది.

ఇక ముక్క పరీక్ష. పని అంతటిలోకీ విలువైన పావుగంట ఇదే. పూర్తి చీకట్లో కాగితం రీలు విప్పుతూ పోతే ముందు ఉత్త కాగితం, తర్వాత ఫిల్ము చివర తగులుతుంది. సగం తీసి వదిలేసిన రీల్లో ఆ చివర మీద బొమ్మ ఉండదు. అక్కడ మూడు నాలుగు సెంటీమీటర్లు కత్తిరించి, మిగతాది మళ్లీ చుట్టి డబ్బాలో పెట్టెయ్యండి. 35 ఎంఎంలో బయటికి వేలాడే నాలుక ఎలాగూ వెలుగు తిన్నది, ఫాగ్ సంగతి అది చెప్పదు. సగంలో ఆగిన రీలైతే లోపల స్పూలు దగ్గరి చివర నుంచి ముక్క తీసుకోవచ్చు. ముక్కని రెండు చెయ్యండి. ఒకదాన్ని మామూలు వెలుగులోనే ఫిక్సర్లో (డెవలప్ కాని వెండి హాలైడ్‌ని కరిగించేసే ద్రావణంలో) వేసి చూడండి. పాలరంగు పోయి పారదర్శకం కావడానికి పట్టిన సమయానికి రెట్టింపు మీ ఫిక్సింగ్ సమయం. ఈ ముక్క ఇంకో కబురు కూడా చెబుతుంది. నారింజ రంగు మిగిలితే అది మాస్కున్న రంగుల నెగెటివ్. వీపున నల్లటి మసి మిగిలి వేలికి అంటుతుంటే రెమ్‌జెట్ అనే నల్లటి కార్బన్ పొర ఉన్నట్టు.

రెండో ముక్కని చీకట్లోనే, రీలుకి అనుకున్న డెవలపర్లో అనుకున్న సమయం ఉంచి, ఫిక్స్ చేసి, కడిగి, అక్షరాలు అచ్చేసిన కాగితం మీద పెట్టండి. లేత బూడిద రంగులోంచి అక్షరాలు హాయిగా చదవగలిగితే అదే సమయంతో ముందుకెళ్లొచ్చు. కాస్త కష్టపడి చదవాల్సొస్తే ఫాగ్ నిరోధకం కావాలి. కాగితాన్ని కిటికీకెత్తి పట్టినా అక్షరాల జాడ లేకపోతే నిరోధకంతో పాటు సమయమూ తగ్గించాలి, ఇంకో చిన్న ముక్కతో మళ్లీ చూడాలి.

డెవలపర్‌గా నా ఓటు ఎచ్‌సీ-110కే. ఫాగ్ తక్కువ, పని త్వరగా అవుతుంది, గాఢద్రవం సీసాలో చాలాకాలం నిలుస్తుంది. డైల్యూషన్ బి అంటే 1+31. 500 మి.లీ. ద్రావణానికి 16 మి.లీ. గాఢద్రవం, దాన్ని సిరంజితో కొలవాలి, కంటి అంచనా కుదరదు. 20 డిగ్రీల దగ్గర చాలా పాత ఫిల్ములకి 5 నుంచి 8 నిమిషాల మధ్య సరిపోతుంది. వెరిక్రోమ్ పాన్ లాంటిదైతే ఆ కింది కొస నుంచి మొదలుపెట్టండి. అయిదు నిమిషాల కంటే కిందికి దిగితే డెవలపర్ అంతటా సమంగా పట్టదు.

నిరోధకం అంటే బెంజోట్రయజోల్. ఒక గ్రాము పొడిని 100 మి.లీ. వేడినీళ్లలో కరిగిస్తే 1 శాతం ద్రావణం వస్తుంది, చల్లటి నీళ్లలో సరిగా కరగదు. డెవలపర్ లీటరుకి 5 మి.లీ.తో మొదలుపెట్టి, ముక్క ఎలా వచ్చిందో చూసి 15 మి.లీ. దాకా పెంచొచ్చు. అంతకు మించి పోకండి. అది ఫాగ్‌నే కాదు, బలహీనమైన బొమ్మని కూడా అణిచేస్తుంది. ముక్క శుభ్రంగా వచ్చేదాకా నిరోధకం పోస్తూ పోతే రీలు కూడా శుభ్రంగా, ఖాళీగా వస్తుంది. కొద్దిగా ఫాగ్ ఉన్నా పర్వాలేదన్న నిబ్బరం ఇక్కడ కావాలి. సమంగా పరుచుకున్న ఫాగ్‌ని స్కాన్‌లో తీసెయ్యొచ్చు, పోయిన నీడని తేలేం.

చేతికి అసలు పని పడేది ఫిల్ముని ట్యాంకులోని ప్లాస్టిక్ రీలు మీదికి ఎక్కించే దగ్గర. యాభై ఏళ్లు బిగుతుగా చుట్టుకున్న ఫిల్ము స్ప్రింగులా ముడుచుకుంటుంది. బయటి వలయంలో ఉన్న చివర తక్కువ వంపుగా ఉంటుంది కాబట్టి దాన్నే ముందు ఎక్కించండి, స్పూలుని అంటుకునున్న కొస ఆఖర్న వస్తుంది. రెండు మూలల్నీ కొంచెం ఏటవాలుగా కత్తిరిస్తే ప్లాస్టిక్ రీలు గాళ్లలో తట్టుకోదు. ఆ ప్లాస్టిక్ రీలు ఎముకలా ఎండి ఉండాలి. కాగితానికి ఫిల్ముని పట్టి ఉంచే టేపుని సర్రున లాగితే చీకట్లో నీలి మెరుపు పుడుతుంది, ఆ మెరుపు కూడా ఫిల్ము మీద పడేదే. లాగకుండా కత్తెరతో కోసెయ్యండి. 620 ఫిల్ము వెడల్పు 120తో సమానం, అదే రీలు సరిపోతుంది. 127కి 46 ఎంఎం స్థానానికి జరగగల రీలు ఉండాలి, పాటర్సన్ రీళ్లలో ఆ సౌకర్యం ఉంది. ఆ ట్యాంకుల్లో 35 ఎంఎంకి 290, 127కి 370, 120కి 500 మి.లీ. ద్రావణం పడుతుంది. 116, 616 ఫిల్ములు 70 ఎంఎం వెడల్పు, మామూలు రీలులో పట్టవు. వాటిని పూర్తి చీకట్లో రెండు కొసలూ పట్టుకుని ట్రేలో పైకీ కిందికీ ఆడిస్తూ కడగాలి. కాగితం ఫిల్ముకి అతుక్కుపోయి ఉంటే పొడిగా పీకొద్దు. చీకట్లో 20 డిగ్రీల నీళ్లలో నాననిచ్చి, కాగితం మెత్తబడ్డాక నిదానంగా విడదియ్యాలి. ఎమల్షన్ (బొమ్మ ఉండే పొర) కాగితంతో పాటు లేచివస్తుంటే అక్కడితో ఆగి ఇంకాసేపు నానబెట్టడమే.

ట్యాంకు మూసాక ముందు నీళ్లు పోసి మూడు నుంచి అయిదు నిమిషాలు నానబెట్టండి. పారబోసిన నీళ్లు నీలంగానో పచ్చగానో ఉంటే భయపడకండి, అది ఫిల్ము వెనక రంగు. తర్వాత డెవలపర్. మొదటి 30 సెకన్లు ఆపకుండా, ఆపై ప్రతి 30 సెకన్లకీ 5 సెకన్లు తలకిందులు చెయ్యాలి. డెవలపర్ పని ఆపే స్టాప్‌కి ఆమ్లం బదులు రెండు మార్లు మామూలు నీళ్లు చాలు, ముసలి జెలటిన్లో ఆమ్లం బుడగలు లేపొచ్చు. ఫిక్సర్ పటికతో గట్టిపరిచే రకమైతే మేలు. డెవలపర్ నుంచి చివరి కడుగు దాకా అన్నీ 20 డిగ్రీలకి ఒకటి రెండు డిగ్రీల తేడాలోనే ఉండాలి. ఎమల్షన్ ముడతలు పడడం, ఊడిపోవడం ఎక్కువగా కుళాయి నీళ్ల దగ్గరే జరుగుతుంది. డెవలపర్‌ని శ్రద్ధగా కొలిచి, కడిగే నీళ్లని మర్చిపోతారు. అరగంట కడిగాక వేళ్లతో గాని, రబ్బరుతో గాని తుడవకుండా కింద బరువైన క్లిప్పు తగిలించి ఆరేయండి. రెమ్‌జెట్ ఉన్న ఫిల్మయితే ఫిక్సర్ తర్వాత వాషింగ్ సోడా కలిపిన నీళ్లలో ముంచి, తడి స్పాంజితో వీపు వైపు మాత్రమే తుడవాలి. ఆ మసి ఎమల్షన్ వైపుకి చేరితే మళ్లీ వదలదు.

పొడుగు రీలైతే ఇంకో మెట్టు ఉంది, చాలామంది దీనికి మనసొప్పరు. 36 ఫ్రేముల 35 ఎంఎం రీల్లో ఒక్కో ఫ్రేము 38 ఎంఎం జరుగుతుంది, అంటే 30 సెంటీమీటర్లకి దాదాపు ఎనిమిది ఫ్రేములు. చీకట్లో అంత కత్తిరించి ముందు దాన్ని మాత్రమే కడగండి. కోత పడ్డచోట ఒక ఫ్రేము పోవచ్చు. ఆ ఒక్కటి పోవడం వల్ల మిగతావాటికి సమయం, నిరోధకం మోతాదు కచ్చితంగా తెలుస్తాయి. ఒక్కటి కూడా పోకూడదని మొత్తం ఒకేసారి ముంచేస్తే, అంచనా తప్పినరోజు అన్నీ పోతాయి. ఒకే చోట దొరికిన రీళ్లు రెండు మూడు ఉంటే ఇంత కోత కూడా అక్కర్లేదు, వాటిలో ఒకటి ముందు వెళ్తే సరి.

నెగెటివ్ నల్లగా, మొద్దుగా వచ్చిందని ఫెర్రిసైనైడ్ రెడ్యూసర్లో వేసి పలచన చెయ్యమనేవాళ్లున్నారు. ఒక్కటే ఉన్న నెగెటివ్ మీద ఆ పని చెయ్యొద్దు. రెడ్యూసర్ ఫాగ్‌తో పాటు ముందు తినేది నీడలనే. దానికన్నా గట్టి వెలుగు పలక మీద పెట్టి, డిజిటల్ కెమెరాతో రా ఫైలుగా రెండు మూడు ఎక్స్‌పోజర్లు తియ్యండి. కాంట్రాస్టు ఎంత పెంచినా అక్కడే పెంచుకోవచ్చు, నెగెటివ్ అలాగే ఉంటుంది.

బొమ్మలు వచ్చాక అవి ఎవరివన్న ప్రశ్న వస్తుంది. కెమెరా కొన్నంతమాత్రాన అందులోని బొమ్మల కాపీరైటు మనది కాదు. 2009లో చనిపోయిన ఫోటోగ్రాఫర్ వివియన్ మయర్ వదిలివెళ్లిన నెగెటివ్‌లు, కడగని రీళ్లు కొన్నవాళ్ల చేతుల్లోంచి లోకానికి తెలిశాయి, హక్కుల తగాదా కోర్టుదాకా వెళ్లింది. చట్టం సరే, ముఖాలున్న బొమ్మల్ని నలుగురిలో పెట్టేముందు కెమెరా అమ్మినవాళ్ల కుటుంబాన్ని అడగడం కనీస మర్యాద. కొన్నిసార్లు ఆ ఇంట్లో ఆ మనిషిది ఇంకో ఫోటో కూడా ఉండదు.

ఏమీ రాని రీళ్లు కూడా ఉంటాయి. అప్పుడు అంచు చూడండి. ఫిల్ము పేరు, అంకెలు ఫ్యాక్టరీలోనే వెలుగుతో ముద్రించినవి, కాబట్టి అవి కూడా అదే వయసున్న కనబడని బొమ్మలే. అంచు అక్షరాలు స్పష్టంగా ఉండి ఫ్రేములు ఖాళీగా ఉంటే మీ రసాయనాల్లో లోపం లేదు. షట్టర్ తెరుచుకోకుండానో, తక్కువ వెలుగులోనో తీసిన రీలై ఉండాలి. అంచు కూడా ఖాళీ అయితే డెవలపర్‌ని, నిరోధకం మోతాదుని అనుమానించాలి. అంచు ఫాగ్‌లో మునిగిపోతే వేడి తిన్న రీలు.

షట్టర్ సంగతి తేల్చడానికి ఆ కెమెరాలోనే కొత్త రీలు వేసి తియ్యడం మంచిది. నా దృష్టిలో పాత కెమెరాని అద్దాల బీరువాలో పెట్టకుండా వాడాలనడానికి ఇదే బలమైన కారణం. ముందు బెలోస్ (లెన్సు వెనకనుండే మడతల తిత్తి) లోపల టార్చి పెట్టి, చీకటి గదిలో మడతల మూలల్లో వెలుగు చుక్కలున్నాయేమో చూడండి. తర్వాత తక్కువ వేగాల్లో షట్టర్ని పది పదిహేను సార్లు ఆడించండి, గట్టిపడిన పాత నూనె వల్ల ఆకులు మధ్యలో ఆగుతుంటే అక్కడే తెలుస్తుంది. 620 కెమెరాకి ఇప్పుడు ఫిల్ము దొరకడం కష్టం. చీకట్లో 120 రీలుని ముందు ఒక ఖాళీ స్పూలు మీదికి, దాని మీంచి 620 స్పూలు మీదికి చుట్టుకోవాలి. టేపు దగ్గర ఫిల్ము ఉబ్బితే లేపి మళ్లీ అంటించాలి, లేకపోతే రీలంతా వదులై అంచుల్లో వెలుగు చొరబడుతుంది. ఆ కొత్త నెగెటివ్‌ని పాతదాని పక్కన పెట్టి చూడండి. రెంట్లోనూ ఒకే మూలన వెలుగు చార ఉంటే అది కెమెరా లోపం, కొత్తదాన్లో లేకపోతే రీలు దాచిన కాలంలో పడ్డది. కడిగిన తేదీ, డెవలపర్, సమయం, నిరోధకం మోతాదు కాగితం మీద రాసి, పరీక్ష ముక్కతో సహా నెగెటివ్ కవర్లోనే పెట్టండి. ఆ పెట్టెలోంచే ఇంకో రీలు దొరికితే మొదట తెరవాల్సింది ఆ కవరే.